నూల్‌కోల్‌కు టర్నిప్ కన్నా క్యాబేజీయే దగ్గర చుట్టం

ఆకులు కోసేసిన నూల్‌కోల్‌ను, టర్నిప్‌ను పక్కపక్కన పెడితే రెండూ ఒకే మొక్క రకాలని ఎవరైనా పొరబడతారు. రెండూ గుండ్రంగా అరచేతిలో ఇమిడిపోతాయి. రెండింటి లోపలి కండా తెల్లగా, కరకరలాడుతూ ఉంటుంది. కాస్త పరిశీలించి చూస్తే మాత్రం నూల్‌కోల్ తొక్క మీద అక్కడక్కడ అడ్డంగా సాగిన మచ్చలు కనిపిస్తాయి. అవి ఆకుల కాడలు అంటుకుని ఉన్న చోట్లు. ఆకులు పుట్టేది కాండం మీదనే కనుక, నూల్‌కోల్ నేలకు పైన ఉబ్బిన కాండమని ఆ మచ్చలే సాక్ష్యం చెబుతాయి. టర్నిప్‌కు ఆకులన్నీ నెత్తి మీద ఒక్క చోటనే ఉంటాయి. ఆ దుంప వేరూ, వేరుకు పైనున్న మెడ భాగమూ కలిసి ఊరినది.

బంధుత్వం సంగతి ఇంకా విచిత్రమైనది. నూల్‌కోల్, క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, కేల్, బ్రసెల్స్ స్ప్రౌట్స్ అన్నీ బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతికి చెందినవి. టర్నిప్ బ్రాసికా రాపా అనే మరో జాతిది. చైనా క్యాబేజీ, పాక్ చోయ్ కూడా అందులోవే. అంటే చూపుకు క్యాబేజీలా ఉండే చైనా క్యాబేజీ నిజానికి టర్నిప్‌కు తోబుట్టువు. నూల్‌కోల్, కాలీఫ్లవర్, క్యాబేజీ ఒకే కాలంలో పూస్తే వాటి మధ్య సులువుగా సంకరం జరుగుతుంది. విత్తనాల కోసం వీటిని పెంచేవారు మళ్లను ఒకదానికొకటి దూరంగా ఉంచడానికి కారణం ఇదే.

ఒకే అడవి మొక్క నుంచి ఇన్ని ఆకారాలు ఎలా వచ్చాయంటే, రైతులు తరతరాలుగా మొక్కలోని ఒక్కొక్క భాగాన్ని ఎంచుకుని, అది పెద్దదిగా ఉన్న మొక్కల విత్తనాన్నే దాచుకుంటూ రావడం వల్ల. కొన మొగ్గను పెంచితే క్యాబేజీ, ఆకు పంగల్లోని మొగ్గలను పెంచితే బ్రసెల్స్ స్ప్రౌట్స్, కాండాన్ని పెంచితే నూల్‌కోల్, ఆకులను పెంచితే కేల్ అయ్యాయి. బ్రకోలీలో మనం తినేది పూమొగ్గల గుత్తిని. కోయకుండా వదిలేస్తే అది నాలుగు రేకుల పసుపు పూలతో విచ్చుకుంటుంది.

వీటన్నింటిలో కాలీఫ్లవర్ కథ వేరు. దాన్ని పువ్వు అంటాం కానీ ఆ తెల్లని ముద్దలో పువ్వు ఒక్కటీ లేదు. ఎదిగే కొన ఒకటి పువ్వు కావాలని మొదలుపెట్టి, అందుకు అవసరమైన జన్యువులు సరిగా పనిచేయక, మధ్యలోనే ఆగి మళ్లీ కాండంగా మారుతుంది. ఆ కాండం మీద పుట్టిన కొనలు కూడా అదే ప్రయత్నం చేసి అలాగే విఫలమవుతాయి. ఇలా విఫలమైన ప్రయత్నాలు ఒకదానిపై ఒకటి పేరుకుపోయిన రూపమే ఆ ముద్ద. ఈ క్రమాన్ని 2021లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన వివరించింది. లేత ఆకుపచ్చ రంగులో ఉండే రొమనెస్కో రకంలో ప్రతి కొనా కొత్త మొగ్గలను రానురాను వేగంగా పుట్టిస్తుంది కాబట్టి, గుండ్రని ముద్దకు బదులు చిన్న చిన్న గోపురాలు ఏర్పడతాయి; ప్రతి గోపురమూ మొత్తానికి నకలులా ఉంటుంది. దాని మీది సుడులను ఒక దిక్కుగా లెక్కిస్తే సాధారణంగా 8, మరో దిక్కుగా లెక్కిస్తే 13 వస్తాయి. లెక్క తప్పకుండా చివరిదాకా వెళ్లడానికి ఓపిక కావాలి, అది వేరే సంగతి.

రంగులు కూడా ఆకారాలంత మోసకారివే. బీట్‌రూట్, ఎర్ర క్యాబేజీ ఇంచుమించు ఒకే రంగులో కనిపించినా వాటి వర్ణకాలు రసాయనికంగా పూర్తిగా వేరు. క్యాబేజీలో ఉండే ఆంథోసయనిన్ పులుపు తగిలితే గులాబీ ఎరుపుకు, వంటసోడా తగిలితే నీలానికి, ఆపైన ఆకుపచ్చకు మారిపోతుంది. బీట్‌రూట్‌లోని బీటాలెయిన్ మాత్రం పులుపుకు అంత తేలికగా చలించదు. ఎర్ర తోటకూరలోనూ ఎర్ర బచ్చలిలోనూ ఉన్నది ఈ రెండో వర్ణకమే. ఈ రెండూ సహజంగా ఒకే మొక్కలో కలిసి కనిపించవు.

క్యారెట్ అంటే నారింజ రంగే గుర్తుకు వస్తుంది, అయితే సుమారు వెయ్యేళ్ల కిందట మధ్య ఆసియాలో సాగైన క్యారెట్లు ఊదా, పసుపు రంగులవి. నారింజ రకం ఐరోపాలో స్థిరపడింది ఆ తరువాత కొన్ని శతాబ్దాలకు. డచ్చి రాజవంశం గౌరవార్థం ఆ రంగును తయారు చేశారని చెప్పే కథ వినడానికి బాగుంటుంది కానీ దానికి గట్టి ఆధారం లేదు. 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ దుంప నుంచే ఆ వర్ణకాన్ని వేరుచేసి, దాని పేరు మీదుగానే కెరోటిన్ అన్నాడు. 1970లో కెనడాలో ఒక పొలంలో అనుకోకుండా నారింజ రంగు కాలీఫ్లవర్ కనిపించింది. అందులో పోగుపడినదీ కెరోటినే.

పేర్లను నమ్మితే మరికొన్ని పొరపాట్లు జరుగుతాయి. గుమ్మడి, బూడిదగుమ్మడి ఒకే కుటుంబానివే అయినా వేర్వేరు ప్రజాతులు. రెండో దాని మీది బూడిద నిజానికి మైనపు పూత; కాయ నెలల తరబడి చెడకుండా నిలవ ఉండటంలో ఆ పూతకూ పాత్ర ఉంది. అంతగా పరిచయం లేని రెక్కల చిక్కుడు మాత్రం పేరుకు తగ్గట్టే ఉంటుంది: కాయ పొడవునా నాలుగు అంచులకు అలలు తేలిన రెక్కలు ఉంటాయి, అడ్డంగా కోస్తే నాలుగు మూలల నక్షత్రంలా కనిపిస్తుంది. ఆకు, పువ్వు, లేత కాయ, గింజ, దుంప అన్నీ తినదగినవే.

సీమవంకాయ మళ్లీ పేరుకు పొంతన లేనిది. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలకు చెందిన ఈ తీగకూ వంగ మొక్కకూ సంబంధం లేదు. ఇది దోస, సొర, గుమ్మడిల కుటుంబంలోది. ముడతలు పడిన ఈ లేతపచ్చ కాయలో ఒకే ఒక్క చదునైన గింజ ఉంటుంది, దానికి గట్టి పెంకు ఉండదు. ముదిరిన కాయను అలా వదిలేస్తే, కొన్నిసార్లు తీగకు వేలాడుతుండగానే, లోపలి గింజ మొలకెత్తి కాయ చివరి చీలిక గుండా బయటికి తొంగిచూస్తుంది. అందుకే దీన్ని నాటేవారు గింజ కోసం వెతకకుండా కాయను కాయగానే మట్టిలో పెడతారు.