విరాళాల లెక్కలు: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా స్వచ్ఛంద సంస్థల జమాఖర్చులు తనిఖీ చేస్తున్నాను. దాతలు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "జీతాలకు ఎంత పోతుంది?"

అపోహ: జీతాలు, ఆఫీసు ఖర్చులు ఎంత తక్కువైతే సంస్థ అంత నిజాయితీగా నడుస్తున్నట్టు.

వాస్తవం: ఈ రంగానికి ఇంతకంటే చెరుపు చేసిన నమ్మకం నాకు కనబడలేదు. ఒక పిల్లల వసతి గృహంలో పాలనా ఖర్చు 3 శాతమేనని గర్వంగా చూపించారు. వోచర్లు తిరగేస్తే గుమాస్తా జీతం "పోషకాహారం" పద్దులో ఉంది. ఎవరూ డబ్బు తినలేదు. జీతం కనిపిస్తే దాతలు ముఖం తిప్పుకుంటారని భయపడి అలా రాశారు. దాంతో పిల్లల భోజనానికి నిజంగా ఎంత అవుతోందో సంస్థ పెద్దలకే తెలియకుండా పోయింది. నాకు ఆ రోజు కోపం రాలేదు, బాధ కలిగింది. విదేశీ విరాళాల చట్టం కూడా పాలనా ఖర్చును ఒప్పుకుంటుంది. 2020 సవరణతో ఆ పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అది కూడా మరీ బిగించడమేనని నా అభిప్రాయం. పద్దులు సరిగ్గా రాయాలంటే ఆ పని తెలిసిన మనిషిని పెట్టుకోవాలి, అతనికి జీతం ఇవ్వాలి.

అపోహ: సంస్థకు 80జీ (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు) ఉంటే ప్రభుత్వమే హామీ ఇచ్చినట్టు.

వాస్తవం: అది దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే ఏర్పాటు. సంస్థ పని బాగుందని చెప్పే పత్రం కాదు. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు. 2021-22 నుంచి సంస్థ దాతల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతకు ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తోంది. ఉత్త రసీదుతో సరిపెట్టే సంస్థను ఆ పత్రం అడగండి.

అపోహ: ఆడిట్ అయింది కాబట్టి అంతా సవ్యమే.

వాస్తవం: మేము బిల్లులు, బ్యాంకు ఖాతా, స్టాకు రిజిస్టరు చూస్తాం, అదీ కొన్నింటిని ఎంచుకుని. 200 దుప్పట్లు కొన్నారని తేల్చగలం. అవి ఏ ముసలమ్మకు అందాయో ఊరివాళ్లే చెప్పాలి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది: కూలీల ముందే మస్టర్లు, అంటే వాళ్ల హాజరు పట్టికలు, చదివి వినిపించారు. స్వచ్ఛంద సంస్థలు ఆ పని ఎందుకు చేయవో నాకు అర్థం కాదు. నేను చూసే ఒక చిన్న సంస్థ ఏటా ఊరి బడి గోడకు తన ఖర్చుల పట్టిక అంటిస్తుంది. నిరుడు ఒక తల్లి దాని ముందు నిలబడి, నోటుపుస్తకాల ధర ఎక్కువ పడిందని పట్టుకుంది. ఈ ఏడు వాళ్లు దుకాణం మార్చారు.