జర్మన్ రెడ్ వైన్: రంగు లేతగా ఉంటే నీళ్లు కలిపినట్టేనా?

బాన్‌లో వైన్ షాపులో పనిచేస్తున్న నాకు మనవాళ్ల దగ్గర నుంచి పదే పదే వచ్చే ఫిర్యాదు ఒకటే: "అక్కా, ఇది ఎర్రగానే లేదు. నీళ్లు కలిపినట్టున్నారు." మిగతా అపోహల వల్ల పెద్దగా పోయేదేమీ లేదు. దీనివల్ల మాత్రం డబ్బూ పోతోంది, మంచి వైనూ పోతోంది. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: లేత రంగు అంటే నాసిరకం.

వాస్తవం: రంగు తొక్కలో ఉంటుంది, గుజ్జులో కాదు. ఫ్రాన్స్‌లో పినో న్వార్ అనే ద్రాక్షనే ఇక్కడ ష్పేట్‌బుర్గుండర్ అంటారు. దాని తొక్క పల్చన, అందులో రంగు తక్కువ. కోసిన వెంటనే పిండి తొక్క పక్కన పెట్టేస్తే అదే ద్రాక్షలోంచి దాదాపు తెల్ల వైన్ వస్తుంది. మా పక్కనున్న ఆర్ లోయలో దాన్ని బ్లాంక్ డి న్వార్ పేరుతో అమ్ముతారు కూడా. ఇక నీళ్లు కలపడానికి యూరోపియన్ యూనియన్ చట్టమే ఒప్పుకోదు.

ముదురు రంగు కథ వేరు. 1955లో వైన్స్‌బెర్గ్‌లో ఆగస్ట్ హెరోల్డ్ అనే శాస్త్రవేత్త రెండు ద్రాక్ష రకాల్ని సంకరం చేసి డోర్న్‌ఫెల్డర్ అనే ముదురు రంగు ద్రాక్షను పుట్టించాడు. లేత జర్మన్ రెడ్లకు రంగు అందించడం అప్పట్లో దాని ముఖ్యమైన పని. ఇప్పుడు దాన్ని విడిగానే అమ్ముతున్నారు, అందులోనూ మంచివి ఉన్నాయి. కానీ సూపర్‌మార్కెట్‌లో నల్లగా కనిపించిందని చవక డోర్న్‌ఫెల్డర్ తీసుకుని, "ఇదే అసలు రెడ్" అనుకుంటే ఎలా?

మాస్టర్స్ చదివే వరంగల్ అబ్బాయి ఒకడు, ప్రొఫెసర్ ఇంటికి భోజనానికి పిలిచారని సీసా కొనడానికి వచ్చాడు. పాపం, బాగా టెన్షన్‌లో ఉన్నాడు. ఆర్ లోయలోని మైషోస్ ఊరి ష్పేట్‌బుర్గుండర్ చూపిస్తే, "ఇంత లేతది ఇస్తే పరువు పోదా అక్కా?" అన్నాడు. గ్లాసులో కొంచెం పోసి తెల్ల కాగితం మీద వంచి పట్టాను. కాగితం మీది అక్షరాలు వైన్‌లోంచి చదవగలిగేంత లేతగా ఉంది. వాసన చూడమన్నాను. చెర్రీ, రాస్ప్‌బెర్రీ, వెనకాల కాస్త పొగ. "వాసన ఇంత గట్టిగా ఉందేంటి!" అన్నాడు. సీసా తీసుకెళ్లాడు.

ఆర్ లోయ వైన్ చవకగా ఎందుకు దొరకదో అక్కడి కొండ చూస్తే తెలుస్తుంది. పలకరాయి నేల, మెట్లు మెట్లుగా కట్టిన గోడలు, నిలబడటానికే కష్టమైన వాలు. చాలాచోట్ల యంత్రం ఎక్కదు, గుత్తులు చేత్తోనే కోయాలి. ఆ రాళ్లు పగలు ఎండ పట్టి రాత్రి వేడి వదులుతాయి కాబట్టే ఇంత ఉత్తరాన కూడా ఎర్ర ద్రాక్ష పండుతోంది. మైషోస్ రైతులు 1868లోనే సహకార సంఘం పెట్టుకున్నారు.

"వరద తర్వాత ఆర్ వైన్ పాడైపోయిందట కదా" అంటే నాకు కోపం వస్తుంది. 2021 జూలై 14 రాత్రి ఆ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. నేలమాళిగలు మునిగాయి, పీపాలు కొట్టుకుపోయాయి. కానీ తోటల్లో ఎక్కువ భాగం కొండవాలు మీద ఉండటంతో నిలిచాయి. బురద పట్టిన సీసాలను జనం విరాళంగా కొని ఆ ఊళ్లను ఆదుకున్నారు. వదంతులతో వాళ్ల బతుకు మళ్లీ చెడగొట్టకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

జర్మన్ వైన్ అంతా తీపి? కాదు. సీసా మీద "ట్రోకెన్" అని ఉంటే లీటరుకు చక్కెర 9 గ్రాములు మించదు. "లీబ్లిష్" అని ఉంటే తీపి.

రెడ్‌ను గది వేడిలోనే తాగాలి? ష్పేట్‌బుర్గుండర్‌కు 14 నుంచి 16 డిగ్రీలు చాలు. వేసవిలో అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

గుండెకు మంచిది? ఆ పేరుతో తాగకండి. పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

శాకాహారమేనా? కొన్ని వైన్లను తేర్చడానికి గుడ్డు తెల్లసొన, జెలటిన్ వాడతారు. "వీగన్" గుర్తు చూసుకోండి.

ఇక తిండి. రైన్‌లాండ్‌లో వెనిగర్‌లో రోజుల తరబడి నానబెట్టి, ఎండుద్రాక్ష వేసి వండే సావర్‌బ్రాటెన్ మాంసంతో, బాడెన్‌లో జింక మాంసంతో ష్పేట్‌బుర్గుండర్ తాగుతారు. వ్యుర్టెంబెర్గ్‌లో ఉల్లిపాయలు వేయించి పైన వేసే గొడ్డుమాంసం రోస్ట్‌కు లెంబెర్గర్ అనే మరో ఎర్ర ద్రాక్ష వైన్ జత. మాంసం తిననివాళ్లకు వెన్నలో వేయించిన పుట్టగొడుగులు ఉన్నాయి, నాకైతే అదే ఇష్టం. మిరియాలతో చేసిన వేపుడు కూడా నప్పుతుంది. గుంటూరు మిరపకాయ దట్టించిన కూరతో మాత్రం వద్దు. ఆల్కహాల్ మంటను పెంచుతుంది, వైన్ రుచి తెలియదు. బిర్యానీ, గోంగూర మాంసం వండిన రోజు రెడ్ పక్కన పెట్టి, కాస్త తీపి ఉన్న "హాల్బ్‌ట్రోకెన్" రీస్లింగ్ అనే తెల్ల వైన్ చల్లగా తీసుకోండి.