కోడ్ రాసే ఇంట్లో పులిసే జాడీ: అపోహలు – వాస్తవాలు

నేను కడపలో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ను. తీరిక దొరికినప్పుడు వంటింటి అరుగు మీద కొంబుచా (తీపి టీని పులియబెట్టి చేసే పుల్లటి పానీయం), అల్లం సోడా పులియబెట్టడం నా వ్యాపకం. ఈ రెండు పనుల గురించీ బంధువులు, ఇరుగుపొరుగువారు అడిగే ప్రశ్నలు వేర్వేరుగా ఉన్నా, వాటిలో చాలావాటి వెనుక ఉన్న అపోహ ఒక్కటే: చేతులు కదలకపోతే పని జరగడం లేదని అనుకోవడం.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే రోజంతా కీబోర్డు టకటకలాడించడం.

వాస్తవం: రోజులో ఎక్కువ భాగం ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదవడానికీ, వారు దాన్ని అలా ఎందుకు రాశారో అర్థం చేసుకోవడానికీ సరిపోతుంది. ఒకసారి రాత్రి పన్నెండింటికి నడవవలసిన నివేదిక తెల్లవారి 5:30కి నడుస్తోందని ఫిర్యాదు వచ్చింది. సర్వరు గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, ఆ 5:30 అన్న అంకె చూడగానే కారణం తెలిసిపోయింది. ఒక్క పంక్తి మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. అయితే ఆ ఆలస్యాన్నే నమ్ముకుని ఏళ్ల తరబడి నడుస్తున్న మరికొన్ని పనులను వెదికి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మా ఇంటికి వచ్చినవారికి నేను తెర వైపు చూస్తూ ఊరికే కూర్చున్నట్టే కనిపించి ఉంటాను.

అపోహ: ఇంట్లోనే ఉంటాడు కాబట్టి పగలంతా ఖాళీ.

వాస్తవం: న్యూయార్క్‌లో ఉదయం 10 గంటలకు జరిగే సమావేశం మనకు వేసవిలో రాత్రి 7:30కి వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడివారు గడియారం వెనక్కి తిప్పుకోగానే అది 8:30 అవుతుంది, మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. పగటిపూట బెంగళూరువారితో పని, రాత్రి అమెరికావారితో మాట. గ్యాస్ బండ వస్తే తలుపు తీయడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటాడన్నది మాత్రం నిజమే.

అపోహ: ఇంట్లో పులియబెట్టడమంటే సారా కాయడమే.

వాస్తవం: "ఏం నాయనా, అంత చదువుకున్నోడివి, ఇంట్లో సారా కాస్తాండావంట?" అని మా పెద్దమ్మ నిలదీసింది. పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టి కాయడం వేరు. ఇడ్లీ పిండి, పెరుగు, రాత్రి కలిపి ఉంచిన రాగి అంబలి, ఇవన్నీ పులిసినవే. కొంబుచాలో ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. జాడీలోనే ఉన్న బాక్టీరియా ఆ ఆల్కహాలులో అధికభాగాన్ని వెనిగరులో ఉండే ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. మన దేశ ఆహార భద్రతా నిబంధనలు ఆల్కహాలు 0.5 శాతం దాటిన పానీయాన్నే మద్యంగా లెక్కిస్తాయి. అయినా జాడీలో అసలు ఆల్కహాలే ఉండదనడం కూడా అబద్ధమే. తీపి మిగిలిన సీసాను మూతపెట్టి వేడిలో వదిలేస్తే ఆ పరిమితి దాటవచ్చు. అందుకే మా ఇంటికి వచ్చే చిన్నపిల్లలకు, గర్భిణులకు నేను దాన్ని ఇవ్వను.

బీరు, వైను సంగతి వేరు. అమెరికాలో 1978లో వచ్చిన సమాఖ్య చట్టం తరువాత ఇంట్లో బీరు తయారు చేసుకోవడానికి మార్గం ఏర్పడింది కాబట్టి, అక్కడి సహోద్యోగులు తమ గ్యారేజీలోని పీపాల ఫోటోలు పంపుతుంటారు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ పని చేయడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం కింద నేరం. నేను ఆ జోలికి పోను.

అపోహ: ఎండ ఎంత ఎక్కువైతే అంత త్వరగా పులుస్తుంది, త్వరగా పులిస్తే మంచిదే.

వాస్తవం: మొదటి సగం కొంతవరకు నిజం, రెండో సగం ప్రమాదం. లీటరు నీటికి రెండు చెంచాల టీ పొడి, 70 గ్రాముల చక్కెర, చల్లారాక పాత కొంబుచా 100 మిల్లీలీటర్ల తోడు, ఇదీ నా లెక్క. ఇరవై ఐదు డిగ్రీల దరిదాపుల్లో వారం, పది రోజులకు రుచి కుదురుతుంది. కడపలో మే నెలలో పాదరసం 40 దాటుతుంది. ఆ రోజుల్లో నాలుగైదు రోజులకే నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. అందుకని వేసవిలో జాడీని నీళ్ల తొట్టిలో నిలిపి, చుట్టూ తడిగుడ్డ కట్టి, ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత రాసిపెడతాను. (ఆ రాతలను కూడా, కోడ్‌లో చేసే మార్పులను దాచే గిట్‌లోనే దాచుకుంటాను, అలవాటు ఊరికే పోదు.)

అసలు ప్రమాదం సీసాలో ఉంటుంది. లీటరులో 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు ఒక లీటరు వాయువు పుడుతుంది, అంటే 20 గ్రాములకు ఐదు లీటర్లు. ఒక మే నెలలో నేను నన్నారి పాకం ధారాళంగా పోసి, మామూలు జ్యూసు సీసాకు బిగుతుగా మూతపెట్టి, అలమారలో పెట్టి మరిచిపోయాను. రాత్రి రెండు గంటలకు కొత్త వెర్షన్ విడుదల చేస్తుండగా అది పేలింది. కాల్‌లో ఉన్నవారు ట్రాన్స్‌ఫార్మర్ పోయిందేమోనని కంగారుపడ్డారు. గాజు పెంకులు కిటికీ దాకా ఎగిరాయి. ఆనాటి నుంచి ఒత్తిడికి తట్టుకునే మందపాటి సీసాలే వాడుతున్నాను, వాటితోపాటు ఒక ప్లాస్టిక్ సీసా కూడా నింపుతున్నాను. అది నొక్కితే లొంగనంత గట్టిపడిన రోజున అన్నీ ఫ్రిజ్‌లోకి వెళతాయి.

అపోహ: పైన పొర కనిపిస్తే పాడైనట్టే.

వాస్తవం: తడిగా, నున్నగా, మీగడలా ఉండే తెల్లటి పొర కొంబుచాను పులిపించే ఆ బాక్టీరియా అల్లుకునేదే. పొడిగా, నూగుతో, పచ్చగానో నల్లగానో కనిపించేది బూజు. బూజు పడితే పైది తీసేసి అడుగుది తాగడం కుదరదు. పొరతో సహా మొత్తం పారబోయవలసిందే.

అపోహ: 1947లో కంప్యూటరులో పురుగు దొరికినందువల్లే తప్పును బగ్ అంటున్నారు.

వాస్తవం: హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో ఆ ఏడాది చిమ్మట దొరికిన మాట నిజం. కానీ యంత్రాల లోపాలను బగ్ అనడం అంతకు ముందే ఉంది; ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. అల్లం సోడాకు వేసే తోడును కూడా జింజర్ బగ్ అంటారు. మా ఇంట్లో నేను కావాలని పెంచుతున్న బగ్ అదొక్కటే.

అపోహ: కడప బండకు ఏమీ కాదు.

వాస్తవం: కడప బండ సున్నపురాయి. ఆమ్లం తగిలితే రాయిలోని కాల్షియం కార్బనేటు కరిగి, సీసాను పేల్చిన ఆ వాయువునే బుడగలుగా వదులుతుంది. బోరు నీటిలో కరిగి ఉండే బైకార్బనేటు కూడా ఇలాగే ఆమ్లాన్ని మింగేస్తుంది కాబట్టి, నేను కొంబుచాకు ఆ నీరు వాడటం మానేశాను. పులుపు ఆలస్యమైతే ఆలోగా బూజు పడుతుంది. జాడీ అంచు నుంచి కారి, రాత్రంతా తుడవకుండా ఉండిపోయిన కొంబుచా వల్ల మా నల్లటి అరుగు మీద మెరుపు పోయిన బూడిదరంగు వలయం ఒకటి మిగిలింది. అమ్మ ఇప్పుడు దాని మీద మిక్సీ పెడుతోంది.