పాత బడి ఫొటోలు, గాజు నెగటివ్‌లు: కొన్ని అపోహలు, అసలు సంగతి

అపోహ: ఫొటోలో ఆకాశం తెల్లగా ఉందంటే నెగటివ్ వెలిసిపోయినట్టే.

వెలిసిపోలేదు, తీసిన రోజునా అంతే. 1880ల నాటి డ్రై ప్లేట్లకు, అంటే వెండి లవణాలు కలిపిన జెలటిన్ పొర పూసిన గాజు పలకలకు, నీలం బాగా అందేది, ఎరుపు దాదాపు చీకటే. అందుకే ప్రింటులో నీలాకాశం తెల్లకాగితంలా, ఎర్ర గౌను నల్లగా పడతాయి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం కస్టర్ కౌంటీలో గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు పేర్చి బడులు కట్టేవారు. 1886 నుంచి ఫొటోగ్రాఫర్ సాలమన్ బుచర్ అక్కడ గాజు ప్లేట్ల మీద తీసిన ఫొటోల్లోనూ ఆకాశం ఇలా తెల్లగానే కనిపిస్తుంది.

అపోహ: అంచుల్లో నీలిగా మెరిసేది బూజు, తుడిస్తే పోతుంది.

అది బొమ్మలోని వెండే. తేమ, చెక్కపెట్టె నుంచీ నాసిరకం అట్టల నుంచీ వచ్చే ఆవిర్లు వెండిని అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న కణాలుగా) మారుస్తాయి. అవి జెలటిన్ పొరలోంచి పైకి చేరి మళ్లీ లోహంగా పేరుకుంటాయి. గాలి ముందు తగిలేది అంచులకే కాబట్టి మెరుపు అక్కడే మొదలవుతుంది. తుడిస్తే పోతుంది నిజమే, దానితోపాటే బొమ్మా పోతుంది. బూజైతే వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే కొమ్మలు వేసిన పోగుల్లా ఉంటుంది.

అపోహ: స్పిరిట్‌తో తుడిస్తే శుభ్రపడుతుంది.

1851లో వచ్చిన, గాజు మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసే పద్ధతి ప్లేటైతే స్పిరిట్ తగలగానే వార్నిష్, దాని కింద బొమ్మ కరుగుతాయి. జెలటిన్ ప్లేటుకు నీళ్లే గండం, ఉబ్బి లేస్తుంది. మసకగా ఉన్న వైపు ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పొర. అటు మెత్తటి బ్రష్షు తప్ప ఇంకేమీ వద్దు. నున్నటి గాజు వైపు డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి బాగా పిండిన దూదిని, అంచుకు కాస్త ఇవతలే ఆపుతూ నడపాలి. పొర లేస్తున్న ప్లేటును అసలు తుడవకూడదు. ఎమల్షన్ మీది పెన్సిల్ గీతలు, ఎర్రరంగు మురికి కావు, నాటి రీటచింగ్ (బొమ్మకు మెరుగులు దిద్దే) పని.

అపోహ: నిలబెడితే గాజు మెల్లగా కిందికి జారుతుంది.

గది వేడికి గాజు జారదు. పాత కిటికీ అద్దాల హెచ్చుతగ్గులు తయారీలో వచ్చినవి. ఆరున్నర × ఎనిమిదిన్నర అంగుళాల ప్లేటు 2 మి.మీ. మందముంటే సుమారు 180 గ్రాములు తూగుతుంది. నలభై దొంతర పెడితే అడుగుదాని మీద ఏడు కిలోలు! పొడవాటి అంచు మీద నిలబెట్టండి. ఒక్కోటీ బఫర్ (క్షార పదార్థం) కలపని, ఆమ్లం లేని, నాలుగు వైపులా మడిచే కాగితపు కవరులో ఉండాలి, ఐదింటికో గట్టి అట్ట. పగిలినవి మాత్రం పడుకోబెట్టాలి.

తేమ 30–40 శాతం మధ్య నిలకడగా ఉండాలి. తేమ పెరిగితే బూజు, మరీ ఎండితే జెలటిన్ ముడుచుకుని అంచుల దగ్గర గాజును వదిలేస్తుంది. మన కోస్తా ఉక్కలో ఏసీ గదినుంచి తెచ్చిన పెట్టెను వెంటనే తెరిస్తే ప్లేట్లకు చెమట పడుతుంది. మూతపెట్టే కొన్ని గంటలు ఉంచండి.

అపోహ: పిల్లాడి చేతి పలక మీద అక్షరాలు తిరగబడితే ఫొటో తప్పుగా తీసినట్టు.

ఎమల్షన్ మీవైపు తిరిగుందంతే. గాజు వైపు నుంచి చూస్తే బడి పేరు, సంవత్సరం సరిగ్గా చదవొచ్చు. వాటిని కవరు మీద పెన్సిల్‌తో, ప్లేటు లోపల పెట్టకముందే రాయండి. పెట్టాక రాస్తే ఆ ఒత్తిడి ప్లేటు మీద పడుతుంది.