ఫ్యాక్షన్ ఊళ్లలో ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

కర్నూలు జిల్లాలో వర్గకక్షలున్న ఊళ్లకు పనిమీద వెళ్లే ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, సర్వేయర్లకు కోచింగ్ ఇస్తాను. అడిగినచోట మధ్యవర్తిగా కూర్చుంటాను. తరచూ వినే మాటలు కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఫ్యాక్షన్ ఎప్పుడో పోయింది, ఇప్పుడివన్నీ ఎందుకు?

వాస్తవం: హత్యలు తగ్గిన మాట నిజం. ఒకప్పుడు పేరు వింటేనే భయపడిన కప్పట్రాళ్ల ఊరిని ఆకే రవికృష్ణ జిల్లా ఎస్పీగా ఉండగా దత్తత తీసుకున్నారు. అయితే అనుమానం అంత తొందరగా పోదు. కొళాయి ముందు ఏ వీధికి వచ్చింది, భూముల రీసర్వేలో గట్టు ఎటు జరిగింది, ఉపాధి పనిలో ఎవరిని ఎవరి పక్కన వేశారు అన్న దగ్గర మళ్లీ రాజుకుంటుంది. ఆ కాగితాల మీద సంతకం మీదే.

అపోహ: ఎవరితోనూ మాట్లాడకుండా మన పని మనం చేసుకుంటే ఏ వర్గమూ అంటదు.

వాస్తవం: అంటుతుంది. మీరు మాట్లాడకపోయినా ఊరు మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. ఎవరి అరుగు మీద కూర్చున్నారు, ఎవరి బండెక్కి బస్టాండుకు వెళ్లారు, ఎవరింట్లో కాఫీ తాగారు అన్నీ లెక్కలోకి వస్తాయి. తాగితే రెండు వైపులా తాగండి, లేకపోతే ఎక్కడా వద్దు. ఇళ్లు తిరిగే వరస నెలనెలా మార్చండి, ఎందుకు మార్చారో అందరి ముందూ చెప్పండి. అన్నిటికన్నా కష్టమైనది ఈ ప్రశ్న: "అక్కా, వాళ్లింట్లో ఏం మాట్లాడుకుంటాండారు?" దీనికి జవాబు కోచింగ్‌లో పదేపదే పలికిస్తాను: "మీ ఇంటి మాట వాళ్లకు చెప్పను, వాళ్ల మాట మీకు చెప్పనన్నా." మొదటిసారి గొంతు వణుకుతుంది. అందుకే ముందే సాధన చేయాలి. ఈ ఒక్క మాట మీద నిలబడినవాళ్లను రెండు వర్గాలూ నమ్మడం నేను చూశాను.

అపోహ: పెద్దమనుషులు రాజీ చేస్తే కేసు కూడా పోతుంది.

వాస్తవం: హత్య కేసు చట్టప్రకారం రాజీకి వచ్చేది కాదు, లోక్ అదాలత్ కూడా దాన్ని ముట్టదు. గట్టు తగాదా, దారి తగాదా లాంటివి అక్కడ తేల్చుకోవచ్చు. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు, అంటే అక్కడి పరిష్కారం, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఊరి శాంతికి సంబంధించిన గొడవల కోసం ముగ్గురు మధ్యవర్తుల పద్ధతి రాశారు. ఆ ఒప్పందం మాత్రం డిక్రీలా అమలు కాదు, మనుషుల మాట మీదే నిలవాలి. కాబట్టి "ఇకపై కలిసిమెలిసి ఉంటాం" అని రాసి ఊరుకోకండి. బోరు నీళ్లు ఏ రోజు ఎవరికి, పీర్ల పండగలో ఎవరు ముందు నడుస్తారు అన్నది విడిగా రాయించండి. మధ్యవర్తి తీర్పు చెప్పడు. చెప్పాడంటే ఓడిన వర్గం ఒకటి తయారైనట్టే.

అపోహ: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే సగం పని అయిపోతుంది.

వాస్తవం: ముందు విడివిడిగా వినాలి. తొందరపడితే అందరి ముందూ పాత లెక్కలే బయటికొస్తాయి.

అపోహ: భయమేస్తోందంటే ఆ ఉద్యోగానికి పనికిరారు.

వాస్తవం: ఈ మాట అనే అధికారుల మీద నాకు కోపం. దాడి చూసిన మనిషికి నిద్ర పట్టకపోవడం, ఆ ఊరి బస్సు ఎక్కాలంటేనే టెన్షన్ రావడం సహజం. వారాల తరబడి తగ్గకపోతే కోచింగ్ చాలదు, డాక్టరు కావాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. న్యాయ సహాయానికి 15100. బెదిరింపు వస్తే ఆ రోజే పై అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.