ఏటిగట్టు మీద టైర్ల చాళ్లు: గోదావరి డెల్టాలో దారి కాని దారిన బైకులు

గత జూన్ మొదటి వారంలో, కాలువలకు ఇంకా నీళ్లు వదలని రోజుల్లో, గోదావరి వశిష్ఠ పాయ వెంట మా ఊరి ఏటిగట్టు ఎక్కాను. గట్టుకు నది వైపున్న వాలు మీద, పై అంచు నుంచి అడుగున ఇసుక దాకా, జానెడు లోతున నాలుగు చాళ్లు పడి ఉన్నాయి. వెనక చక్రం పట్టు దొరక్క గిర్రున తిరిగిన చోట గరిక వేళ్లతో సహా ఊడివచ్చి, కింది మట్టి బయటపడింది. ముందు రాత్రి కురిసిన వాన ఆ చాళ్ల వెంటే దిగి, వాటిని మరింత కోసి, అడుగున చిన్న మట్టి కుప్పలు పోసింది. పలుగూ తట్టా పెట్టుకుని చాళ్లు పూడుస్తున్న లస్కరును, అంటే గట్టు కాపలా చూసే నీటిపారుదల శాఖ మనిషిని, అడిగితే, "ఆయ్, ఆదివారం పనేనండి. ఈ పూడిక మళ్లీ ఆదివారం దాకానేనండి" అన్నాడు.

గోదావరి డెల్టాలో కొన్నేళ్లుగా ఊరూరా వినిపిస్తున్న ఫిర్యాదుకు ఆ చాళ్లే రుజువు. ఏటిగట్ల మీద, కాలువ గట్ల మీద, వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక ఎండిన వాటి అడుగున, నది మధ్య లంకల ఇసుక తిన్నెల మీద, సముద్ర తీరంలో కుర్రాళ్లు గుంపులుగా మోటారు సైకిళ్లు తోలుతున్నారు. సైలెన్సర్లు మార్చి, నంబరు ప్లేట్లు విప్పి, ముందు చక్రం గాల్లోకి లేపి, ఒకరి వీడియో ఒకరు తీస్తున్నారు. తెల్లవారుజామున గట్టు మీద నడిచే పెద్దవాళ్లు, గడ్డిమోపులతో ఇంటికి వచ్చే ఆడవాళ్లు, పశువులను తోలుకెళ్లేవాళ్లు ఆ చప్పుడు వినగానే పక్కకు తప్పుకోవాల్సి వస్తోంది. దీన్ని వయసు పొగరని తిట్టి ఊరుకునేవారు ఎక్కువ. ఆ కుర్రాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. అయితే మోటారు బండి గట్టెక్కడం వెనక 170 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. గట్టు ఎవరిది, ఎందుకు, దాని మీద ఎవరు నడవాలి అన్న ప్రశ్నలకు ఆ చరిత్రలో ఏనాడూ ఒకే జవాబు లేకపోవడమే నేటి చిక్కుకు మూలమని నా అభిప్రాయం.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళికలో కాలువలు పొలాలకు నీరూ పడవలకు దారీ రెండూ ఇవ్వవలసినవి. అందుకే ప్రధాన కాలువల మీద అక్కడక్కడా లాకులు కట్టి, పడవలను ఒక మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించే దించే ఏర్పాటు చేశారు. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అందరూ పడవల్లోనే ప్రయాణించేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంటే కాలువ గట్టు పుట్టుకతోనే ఒక దారి, కాకపోతే అది మనిషి కాళ్లకోసం ఏర్పడిన దారి. 1884లో నదుల పరిరక్షణకూ, 1890లో కాలువలకూ రేవులకూ మద్రాసు ప్రభుత్వం విడివిడిగా చట్టాలు చేసింది. ఆ చట్టాలు రాసినవారికి తెలిసిన చక్రం ఎడ్లబండి చక్రమే. అనుమతి లేని కట్టడాలు, ప్రవాహానికి అడ్డంకులు, పడవల రాకపోకలు వారి ఆందోళన; గట్టు వాలు మీద ఎదురెక్కే యంత్రాన్ని వారు ఊహించలేరు.

బస్సులు, లారీలు పెరిగి పడవలు వెనకబడ్డాక లాగుడు దారికి అసలు పని పోయింది కానీ దారి మిగిలింది. పొలానికి పోయే రైతు, బడికి పోయే పిల్ల, రేవుకు పోయే చాకలి, శ్మశానానికి పోయే ఊరేగింపు అందరూ దాన్నే వాడుకున్నారు. ఎవరూ ఎవరికీ రాసివ్వని హక్కు అలా స్థిరపడింది.

ఏటిగట్టు కథ దీనికి భిన్నం. కాలువ గట్టు నీటిని లోపల నిలుపుతుంది, ఏటిగట్టు నదిని ఊరి బయట నిలుపుతుంది. ధవళేశ్వరం వద్ద వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఎగురవేస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన వరద సుమారు 35 లక్షల క్యూసెక్కులు, అంటే మూడో హెచ్చరిక స్థాయికి రెట్టింపు. గట్లకు గండ్లు పడి, ఊళ్లకు ఊళ్లు నీళ్లపాలయ్యాయి. మా ఇళ్లలో పెద్దవాళ్లు నేటికీ ఏ సంఘటననైనా 'ఎనభై ఆరుకు ముందు', 'ఎనభై ఆరు తర్వాత' అని లెక్క కడతారు. ఆ వరద తర్వాత ఏటిగట్లను ఎత్తు పెంచి వెడల్పు చేశారు. వరద వేళ ఇసుక బస్తాలతో లారీ వెళ్లాలన్నా, ఇంజనీరు జీపు తిరగాలన్నా గట్టు పైభాగం వెడల్పుగా, చదునుగా ఉండి తీరాలి. కొన్ని చోట్ల గ్రావెల్ పోశారు, మరికొన్ని చోట్ల తారు వేసి రోడ్డే చేశారు. ప్రాణరక్షణకు చేసిన ఆ పని సరైనదే. దానితో పాటే ఊరి పక్కన, ఇళ్లకంటే ఎత్తున, మలుపులు తక్కువగా, ట్రాఫిక్ లేకుండా మైళ్ల పొడవున ఒక మట్టి బాట సిద్ధమైంది.

ఆ బాట మీదికి బండ్లు ఎక్కింది కూడా ఆ దశాబ్దంలోనే. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 రెండూ మార్కెట్లోకి వచ్చాయి. మోపెడ్ మాకు ఎడ్లబండికి తమ్ముడు; వెనక రెండు వైపులా కొబ్బరికాయలు, ముందు గడ్డిమోపు, మధ్యలో మనిషి. అది గట్టు ఎక్కితే ఎవరూ ఆక్షేపించలేదు, ఆక్షేపించవలసిన అవసరమూ లేదు. ఆర్ఎక్స్ 100 వేరే జాతి. తేలికపాటి ఒళ్లు, రెండు స్ట్రోకుల ఇంజను, చెయ్యి తిప్పితే ఒక్కసారిగా ఎగిసే వేగం కలిసి, 1996లో తయారీ ఆగిపోయిన తర్వాత కూడా దాన్ని పడుచువాళ్ల కలల బండిగా నిలిపాయి. 2012లో కేటీఎం డ్యూక్, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ వచ్చేసరికి మట్టిలో, రాళ్లలో, వాలుల్లో తోలడమే గొప్పగా చూపించే ప్రకటనలు ప్రతి ఫోనులోకీ చేరాయి. 2016 సెప్టెంబరులో జియో రావడంతో ఫోనులో వీడియో చూడటం అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో మొదలైంది. గట్టు వాలు ఎక్కిన బండికి అప్పటిదాకా నలుగురు స్నేహితులే ప్రేక్షకులు. ఆ తర్వాత ఆ సంఖ్యకు హద్దు లేకుండా పోయింది.

మట్టిలో బండి తోలడం తప్పుడు పనిగా పుట్టలేదు. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీ వద్ద జరిగిన పోటీని మోటోక్రాస్‌కు ఆరంభంగా చెబుతారు. అది నియమాలతో, కేటాయించిన నేలలో ఆడే ఆట. అదే దేశం తర్వాతి కాలంలో, అనుమతి లేకుండా రోడ్డు కాని నేల మీద మోటారు వాహనం నడపడమే నేరమని 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టంలో రాసుకుంది. ఇతరులను భయపెట్టేలా, విసిగించేలా తోలే బండిని హెచ్చరించి, వినకపోతే స్వాధీనం చేసుకునే అధికారాన్ని 2002లో పోలీసులకు ఇచ్చింది. అక్కడ సమస్య తీరిపోయిందని దీని అర్థం కాదు. కనీసం తప్పు ఏదో పేరు పెట్టి చెప్పగలిగారు.

మన మోటారు వాహనాల చట్టమూ 1988 నాటిదే. అందులో రోడ్డు దిగడం అనే నేరం విడిగా లేదు. అయినా చట్టం చేతులు కట్టేసుకుని ఉందనుకోవడం పొరపాటు. ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న ఏ చోటైనా, అది రాకపోకల దారి అయినా కాకపోయినా, 'బహిరంగ ప్రదేశం' కిందికే వస్తుందని రెండో సెక్షన్ నిర్వచిస్తోంది. కాబట్టి జనం తిరిగే గట్టు మీదా, తీరం మీదా లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా, హెల్మెట్ అన్నీ తప్పనిసరే. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే సంరక్షకునికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఈ మాట చెప్పినప్పుడు ఆశ్చర్యపోని తండ్రిని నేను మా ఊళ్లో చూడలేదు. నీటిపారుదల వ్యవస్థను పాడుచేయడం నేరమని 1997 నాటి రైతుల యాజమాన్య చట్టం చెబుతోంది. నీటి కట్టడాలకు నష్టం చేయడం 1860 నాటి శిక్షాస్మృతిలోనూ నేరమే, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే. అయితే నష్టం జరుగుతుందని తెలిసి చేశాడని నిరూపించాలి. గరిక ఊడితే గట్టు బలహీనపడుతుందని పదిహేడేళ్ల కుర్రవాడికి ఎవరూ చెప్పని చోట ఆ నిరూపణ కష్టం.

గరిక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చప్పుడు గురించి అందరూ మాట్లాడతారు, గరిక గురించి ఎవరూ మాట్లాడరు. మట్టి గట్టుకు పై చర్మం గరికే. దాని వేళ్లు మట్టిని అల్లిపెడతాయి, దాని ఆకులు వాన చినుకు దెబ్బను మెత్తబరుస్తాయి. నీరు వాలు నిండా పల్చగా పరుచుకుని దిగినంత కాలం గట్టుకు ప్రమాదం లేదు. చక్రం ఒక చాలు కోయగానే ఆ నీరంతా ఒకే దారి పట్టి, ప్రతి వానకూ దాన్ని లోతు చేస్తుంది. ఇంజనీర్లు రెయిన్‌కట్స్ అనేవి ఇవే. పందికొక్కు బొరియ తోడైతే గట్టు మందం లోపలినుంచి కూడా తగ్గుతుంది. వరద రోజుల తరబడి నిలిచినప్పుడు గట్టు నానిపోయి, ఇవతలి వైపున ఊట మొదలవుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటిన వరద దిగువకు వచ్చినప్పుడు మా ఊరి మగవాళ్లు వంతులు వేసుకుని, టార్చిలైట్లతో రాత్రంతా గట్టు కాశారు. ఎక్కడ తడి కనబడితే అక్కడ ఇసుక బస్తాలు వేశారు. ఆ రాత్రి బస్తాలు మోసినవారిలో ఆదివారాలు బండ్లు తోలే కుర్రాళ్లూ ఉన్నారని చెప్పకపోతే వారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

తీరంలో నష్టం మరో రకం. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టిన తర్వాత సరుగుడు తోటల విలువ అందరికీ తెలిసింది. ఆ తోటలూ, వాటి ముందరి ఇసుక దిబ్బలూ కెరటానికీ ఊరికీ మధ్యనున్న గోడ. దిబ్బలను చదును చేయడం, మార్చడం కూడదని 2011 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన స్పష్టంగా చెప్పింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలతో పేరుపాలెం, ఓడలరేవు, అంతర్వేది తీరాలు కిటకిటలాడే జనవరిలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి గుడ్లు పెట్టడం మొదలవుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. గుడ్ల మీది ఇసుకను చక్రాలు అణచివేస్తాయి. నెలన్నర, రెండు నెలల తర్వాత బయటికొచ్చిన అరచేతి పిల్లలకు టైరు చాలు దాటలేని కందకం.

ఇన్ని చోట్లకు బండ్లు ఎందుకు పోతున్నాయంటే, డెల్టాలో ఖాళీ నేల వేరే లేదు. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టులో సెంటు భూమి వదలకుండా వరి, కొబ్బరి, అరటి. 1990ల నుంచి చేపల, రొయ్యల చెరువులు పోరంబోకులనూ పశువుల బీళ్లనూ తినేశాయి. ఊరందరిదీ అని మిగిలినవి గట్టు, లంక, సముద్రపు ఒడ్డు. మూడూ ఊరిని కాపాడేవే. పిల్లలకు ఆడుకోవడానికి చోటు మిగల్చని పెద్దలం, వాళ్లు చివరికి ఈ మూడింటి మీదికే చేరారని నిష్ఠూరమాడుతున్నాం.

చాళ్లు చూసిన వారంలోనే నేను ఒక అర్జీ రాశాను. గట్టు చూసే కార్యాలయంలో బండ్లు తమ పరిధి కాదన్నారు. పోలీసు స్టేషన్‌లో గట్టు తమది కాదు, నీటిపారుదల వారు రాసిస్తే చూస్తామన్నారు. రవాణా కార్యాలయంలో నంబరు ప్లేటు లేని బండిని ఎలా గుర్తించాలని అడిగారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు, ముగ్గురి మాటా వారి వారి పుస్తకంలో నిజమే. పోలీసులు పలు పట్టణాల్లో మార్చిన సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించారు, చప్పుడు కొంత తగ్గింది కూడా. గట్టు మీద కాపలా ఉండేవాడు మాత్రం లస్కరే. ఖాళీ అయిన లస్కరు పోస్టులు నిండక, ఒకప్పుడు ముగ్గురు చూసిన పొడవును ఇప్పుడు మా దగ్గర ఒక్కడే చూస్తున్నాడు.

చివరికి ఊరివాళ్లే కల్పించుకుని గట్టు ఎక్కే చోట రెండు సిమెంటు స్తంభాలు పాతారు, మనిషీ సైకిలూ పట్టేంత సందు వదిలి. బైకులు పదిహేను రోజులు రాలేదు. తర్వాత కొబ్బరి దింపుల కాలం వచ్చింది. రెండు వైపులా కాయల బస్తాలు వేలాడే మోపెడ్ ఆ సందులో పట్టక, రైతులు పొద్దున్నే గునపం తెచ్చి ఒక స్తంభాన్ని పెకలించారు. ఆ గుంట ఇంకా పూడలేదు. ఇప్పుడు మోపెడ్లూ బైకులూ దాని పక్కనుంచే పోతున్నాయి.