బోటు ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్: మన తీరంలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా బోటు ఇంజిన్ల పని చేస్తా ఉండా, ఎక్కువ అవుట్‌బోర్డులు (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్లు), అప్పుడప్పుడు బోటు లోపల బిగించే డీజిల్ ఇంజిన్లు. వేటకి పోయేవాళ్ళకి ఇంజిన్ అంటే కూడు, కాబట్టి వాళ్ళు ఎట్టోకట్ట పట్టించుకుంటారు. సరదాకి బోటు కొనుక్కున్నవాళ్ళు, చెరువుల్లో రిజర్వాయర్లలో జనాన్ని తిప్పేవాళ్ళు మాత్రం కారు లెక్కలే తెచ్చి బోటుకి పెడతా ఉండారు, అందుకే ఇది రాస్తా ఉండా. ఒక్క మాట ముందే చెప్తా, కొత్త ఆయిల్ ఏది పోశారు అన్నదానికంటే పాత ఆయిల్ ఎట్టా బయటికొచ్చింది అన్నది చూడటం ముఖ్యం.

అపోహ: "బోటు ఏడాదిలో నాలుగు సార్లు కూడా తీయలేదు, ఆయిల్ ఎందుకు మార్చాలి?"

బోటుకి కిలోమీటర్ల లెక్క లేదు, గంటల లెక్కే. చాలా ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డుల పుస్తకాల్లో కొత్త ఇంజిన్‌కి మొదటి మార్పు 20 గంటలకి, ఆ తర్వాత ప్రతి 100 గంటలకి లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అది అని ఉంటది. 100 గంటలంటే మరీ తక్కువ గదా అంటారు. కారు టాప్ గేర్‌లో పడితే ఇంజిన్ తేలిగ్గా పోతది, బోటుకి ఆ సుఖం లేదు, నీళ్ళని తోసుకుంటా పోవాల్సిందే, నిండా మనుషుల్ని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కతానే ఉండే బండి అనుకోండి. ఇక తిప్పకుండా నిలబెట్టిన బోటు సంగతి ఇంకోటి, వాడేసిన ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు ఉంటాయి, అవి ఊరికే కూర్చోవు, బేరింగుల్ని తింటా ఉంటాయి. మన తీరంలో ఉప్పుగాలి వేరే.

అందుకే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు పైకి లాగేవాళ్ళు, అక్టోబర్ నుంచి తుఫాన్ల కాలంలో టూరిస్టు బోటు ఆపేసేవాళ్ళు, మళ్ళీ దించేటప్పుడు మారుద్దాంలే అనుకోవద్దు. ఆపేముందే మార్చండి, మార్చినాక ఐదు నిమిషాలు తిప్పండి (అవుట్‌బోర్డు అయితే చల్లబడటానికి నీళ్ళ పైపు పెట్టి), కొత్త ఆయిల్ అన్ని భాగాలకీ పట్టుకుంటది.

అపోహ: "ఆయిల్ నల్లబడింది, అంటే పాడైపోయింది."

డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది గంటలకే నల్లబడతది, మసిని పట్టుకోవడం ఆయిల్ పని, అది తన పని చేస్తా ఉంది అంతే. భయపడాల్సిన రంగు తెలుపు. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద పాలు కలిసిన టీ రంగు కనిపిస్తే లోపల నీళ్ళున్నట్టు, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. ఇంకోటి, పెట్రోల్ అవుట్‌బోర్డుని గంటల తరబడి నెమ్మదిగానే తిప్పితే కొన్నిట్లో పెట్రోల్ ఆయిల్‌లోకి దిగతది, లెవెల్ తగ్గాల్సింది పోయి పెరగతది, వాసన చూస్తే తెలిసిపోతది. లెవెల్ పెరిగిందని సంతోషపడేవాళ్ళని చూశా, అది పలచబడిన ఆయిల్ అన్నా, తీసేయాల్సిందే.

అపోహ: "బైకు ఆయిలే పోస్తా, ఆయిల్ ఆయిలే గదా."

ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ అవుట్‌బోర్డుకి డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అని ఉండే ఆయిల్ కావాలి, తుప్పు పట్టకుండా ఆపే పరీక్ష అందులో ఉంటది. టూ స్ట్రోక్‌కి టీసీ-డబ్ల్యూ3, అది పెట్రోల్‌లో కలిసి కాలిపోయే ఆయిల్, దాన్ని తెచ్చి ఫోర్ స్ట్రోక్ సంప్‌లో (ఆయిల్ నిలిచే అడుగు తొట్టిలో) పోయొద్దు. లోపలి డీజిల్ ఇంజిన్‌కి దాని పుస్తకంలో రాసిన డీజిల్ గ్రేడు.

పాత ఆయిల్ తీసేముందు ఇంజిన్‌ని కాసేపు తిప్పి గోరువెచ్చగా చేయండి, అడుగున కూర్చున్న మడ్డి కూడా కలిసి వస్తది. లోపలి ఇంజిన్‌కి కింద డ్రెయిన్ బోల్టుకి చెయ్యి దూరదు చాలా బోట్లలో, డిప్‌స్టిక్ గొట్టంలోంచి పైపు దించి పంపుతో లాగాలి. డీజిల్ పోసి కడగమనేవాళ్ళు ఉండారు, వద్దు, మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ని పలచన చేస్తది. ఫిల్టర్ విప్పినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి, దాని మీద కొత్త రింగు పడితే రెండింటి మధ్య నుంచి నడి నీళ్ళలో ఆయిలంతా కక్కేస్తది. ఎక్కువ పోస్తే మంచిది అనేది కూడా తప్పే, లోపల తిరిగే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ని కొట్టి నురగ వస్తది, ఆ నురగకి బేరింగుల్ని కాపాడే బలం ఉండదు. అవుట్‌బోర్డుని నిటారుగా దించి లెవెల్ చూడాలి, పైకి లేపి చూస్తే అబద్ధం చెప్తది.

అపోహ: "గేర్ ఆయిల్ సీలు వేసి ఉంటది, దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే, ఎందుకంటే అవుట్‌బోర్డు గేర్ కేసులో (అడుగున గేర్లుండే పెట్టెలో) పట్టేది చిన్న సైజు ఇంజిన్లలో అర లీటరు లోపే, ఆ కాస్త ఆయిల్ దగ్గర పిసినారితనం చేసి మొత్తం గేర్లు మార్పించుకుంటా ఉండారు. ఆ గేర్లు తిరిగేది నీళ్ళలోపల. వాటికీ సముద్రానికీ మధ్య ఉండేది ప్రొపెల్లర్ (ఫ్యాను) షాఫ్టు మీద చిన్న రబ్బరు సీలు. మన ఒడ్డున తెగిన వల ముక్కలు, నైలాన్ తంగూసు ఎంత తేలతా ఉంటాయో మీకు తెలుసు, అవి షాఫ్టుకి చుట్టుకుని లోపలికి పోయి సీలుని కోసేస్తాయి. ఫ్యాను ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు, ఫ్యాను ఊడదీసి దాని వెనక చూడాలి, నేనైతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ తీసి చూస్తా.

మొదటి చూపు మాత్రం చల్లగా ఉండగానే, రాత్రంతా నిలబడిన బోటు మీద. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, అడుగున చేరతాయి, కింది స్క్రూ కొద్దిగా వదులు చేస్తే ముందు చుక్కలు నీళ్ళయితే తెలిసిపోతది. తర్వాత పై స్క్రూ కూడా తీసి మొత్తం దించండి. స్క్రూ అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు లాంటిది అంటుకుంటే మామూలే, వేలికి గుచ్చుకునే ముక్కలుంటే గేర్ పోతా ఉంది. తెల్లగా వస్తే ఆయిల్ మార్చి ఊరుకోవద్దు, తక్కువ ప్రెషర్ గాలి పెట్టి సబ్బు నీళ్ళు రాసి ఏ సీలు వదులుతా ఉందో పట్టుకోవాలి.

పై రంధ్రం నుంచి పోస్తే లోపల గాలి ఇరుక్కుంటది, నిండినట్టు కనిపించి ఉండదు. కింది రంధ్రం నుంచి పంపుతో ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బుడగ లేకుండా ఆయిల్ కారాక ముందు పై స్క్రూ బిగించి అప్పుడు కిందిది. వాషర్లు కొత్తవి వేయండి, పది ఇరవై రూపాయల దగ్గర ఆలోచించొద్దు.

అపోహ: "ట్రాన్స్‌మిషన్ అంటే ఎర్ర ఆయిలే."

లోపలి ఇంజిన్ల గేర్ బాక్సులు అన్నీ ఒకటి కాదు. కొన్నిటికి ఏటీఎఫ్ అనే ఆ ఎర్ర ఆయిల్, కొన్నిటికి 30 నంబరు ఇంజిన్ ఆయిలే. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ గేర్ బాక్సుకి పోయగా మిగిలిన 90 నంబరు తెచ్చి ఇందులో పోస్తే క్లచ్ జారతది. గేర్ బాక్సు మీద ప్లేటు చదివి దాని పుస్తకం చూడండి, లెవెల్ చూసే పద్ధతి కూడా అందులోనే ఉంటది, కొన్నిటికి డిప్‌స్టిక్ మర బిగించకుండా చూడాలి, కొన్నిటికి ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలి. ఎర్ర ఆయిల్ లేత గులాబీ రంగు పాలలాగా మారితే ముందు అనుమానించాల్సింది ఆయిల్‌ని నీళ్ళతో చల్లబరిచే ఆయిల్ కూలర్‌ని, లోపల గొట్టం ఉప్పుకి తినేసి ఉంటది. మాడు వాసన వస్తే క్లచ్ కాలతా ఉంది.

అపోహ: "ఇంత పెద్ద నీళ్ళలో రెండు లీటర్లు కలిస్తే ఏమైతది?"

కలవదు, పైన పొరలాగా పరుచుకుంటది. మన క్రీకుల నీళ్ళే రొయ్యల చెరువులకి తోడుకుంటారు, ఆ బురదలోనే పీతలు బతుకుతాయి. బోటు అడుగున కారిన ఆయిల్‌ని ఆటోమేటిక్ పంపు దానంతటదే బయటికి తోసేస్తది, కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఆ పంపు స్విచ్ ఆపండి, కింద పాత గుడ్డలు పరవండి, అయినాక తుడిచి అప్పుడు వేయండి. తీసిన ఆయిల్ మూత బిగుతుగా ఉండే క్యానులో పట్టి, పాత ఆయిల్ శుద్ధి చేసే లైసెన్సు ఉన్నవాళ్ళకి పోయేటట్టు చూడండి, రోడ్డు పక్కనో పంట కాలవలోనో పారబోయొద్దు. మాకు దగ్గర్లో ఉన్నవాళ్ళు షెడ్డు కాడికి తీసుకురండి, డ్రమ్ము పెట్టి ఉంచా, అందులో పోసి పొండి, డబ్బులేం అక్కర్లేదు.